ఏడు కొండలు గీశాను, మాను మరిచాను

మా ఊళ్లో నేను డిజైను చేసిన కళాభవనానికి శిలాఫలకం మీద చెక్కిన మంచి పేరొకటి ఉంది. ఫలకం మీద తప్ప ఆ పేరు ఎవరి నోటా రాదు. ఊరంతా దాన్ని ఇడ్లీ హాలు అంటారు. ఆటో ఎక్కి 'ఇడ్లీ హాలు కాడికి' అంటే చాలు, తెచ్చి దింపుతారు. ఒక పెళ్లి శుభలేఖలో వేదిక పేరుగా కూడా అదే అచ్చయింది. నేను శేషాచలం ఏడు కొండలు గీశాననుకున్నాను. ఊరికి పళ్లెంలో ఏడు ఇడ్లీలు కనిపించాయి. మొదట్లో ఆ మాట వినపడితే చెవులు ఎర్రబడేవి. ఇప్పుడు నేనూ అలాగే పిలుస్తున్నాను. నేను చేసిన పనికి అంతకంటే పెద్ద పేరే పెట్టొచ్చు. ఊరు దయతలచి ఇడ్లీతో సరిపెట్టింది.

మా వైపు వాళ్లకు చెప్పక్కర్లేదు గానీ, మిగతావాళ్ల కోసం, ఆ హాలు లేచిన భారతం మిట్ట అంటే ఏమిటో ముందు చెప్పాలి. చిత్తూరు, తిరుపతి పల్లెల్లో ద్రౌపదీ సమేత ధర్మరాజుల గుళ్లు చాలా ఉన్నాయి. సరిహద్దు దాటితే తమిళనాడులోనూ ద్రౌపదమ్మ గుళ్లే. వాళ్లు తెరుక్కూత్తు ఆడతారు, మేం వీధి నాటకం ఆడతాం. ఎండాకాలంలో పొలం పనులు సద్దుమణిగాక భారతం పెడతారు. మా ఊళ్లో పద్దెనిమిది రోజులు. మధ్యాహ్నం హరికథ, రాత్రి అదే ఘట్టం నాటకం, తెల్లవార్లూ. బకాసురుడి రోజు బండెడు అన్నం ఊరంతా తిరుగుతుంది. అర్జునుడు తపస్సుకు పోయే రోజు అరవై అడుగుల మాను నాటుతారు. అర్జున వేషం కట్టిన మనిషి పద్యాలు పాడుకుంటూ దాన్ని ఎక్కుతాడు. పిల్లలు కావాలనుకునే ఆడవాళ్లు తడిబట్టలతో ఆ మాను చుట్టూ సాష్టాంగపడి ఉంటారు. పైనుంచి అతను విసిరే నిమ్మకాయ కొంగులో పడితే కడుపు పండుతుందని నమ్మకం. చివరిది పద్దెనిమిదో యుద్ధం. మట్టితో నేల మీద మలిచిన దుర్యోధనుడి తొడ మీద భీముడి గద దిగుతుంది, ద్రౌపది విరబోసుకున్న జుట్టు ముడుస్తుంది. ఆ సాయంత్రమే అగ్నిగుండం తొక్కుతారు. ఇదంతా జరిగే జాగాయే భారతం మిట్ట.

మా మిట్ట నిజంగానే మిట్ట. గుడి దగ్గర పల్లంగా మొదలై, మెల్లగా ఎత్తు పెరుగుతూ పోయి, ఒక ముసలి చింతమాను కింద ఆగేది. నాటకం పల్లంలో, జనం ఏటవాలు మీద. ముందు కూర్చున్నవాడి తల వెనకవాడికి అడ్డం వచ్చేది కాదు. వేషగాళ్ల వెనక ఏనుగు పడుకున్నంత బండ ఒకటి ఉండేది. దాని వెనక, చాలా దూరంగా, శేషాచలం. చిన్నప్పుడు అమ్మ ఒళ్లో పడుకుని నిద్రకూ మెలకువకూ మధ్య సగం సగం చూసిన నాటకాలన్నిటికీ నా కళ్లలో అదే తెర.

2013లో ఊరి పెద్దలు నా దగ్గరికి వచ్చారు. వాళ్లు అడిగింది రెండే. హరికథ వినేవాళ్లకు మధ్యాహ్నం ఎండ తగలకుండా ఒక నీడ. వేషాలు కట్టుకునేదానికి, కిరీటాలు, భుజకీర్తులు భద్రంగా పెట్టుకునేదానికి ఒక గది. ఇంటింటికీ చందాలు వేసుకున్నారు. బయట ఉద్యోగాలు చేసే పిల్లలు పంపారు. ఒక పెద్దమ్మ పాలు పోసిన డబ్బులో నుంచి ఇచ్చిందని నాకు తరవాత తెలిసింది. నీడ, గది అని వాళ్లు రెండు మాటలు చెప్పారు. నా చెవిలో మాత్రం 'ప్రకృతి నుంచి ప్రేరణ పొందిన సాంస్కృతిక కేంద్రం' అని పడింది. ఆ చెవి నాకు కాలేజీలో మొలిచింది.

అప్పట్లో నా తల నిండా పెద్ద పెద్ద భవనాలు ఉండేవి. సిడ్నీ ఒపేరా హౌస్‌ను మనసులో పెట్టుకుని పడుకునేవాణ్ణి. 1957లో యోర్న్ ఊట్జాన్ పోటీలో నెగ్గిన ఊహ అది. కట్టడం పూర్తయ్యేసరికి 1973. డెబ్బై లక్షల ఆస్ట్రేలియా డాలర్లని అంచనా వేస్తే పది కోట్లు దాటింది. గీసినవాడు మధ్యలోనే, 1966లో, వదిలేసి వెళ్లిపోయాడు. ఇందులో నేను నేర్చుకోవలసినవి ఎన్నో ఉన్నాయి. నేను నేర్చుకున్నది ఒకటే: పైకప్పు అందంగా ఉంటే లోకం మిగతావన్నీ మరిచిపోతుంది.

కాబట్టి పైకప్పుతోనే మొదలుపెట్టాను. శేషాద్రి, నీలాద్రి, గరుడాద్రి, అంజనాద్రి, వృషభాద్రి, నారాయణాద్రి, వేంకటాద్రి. ఏడు కాంక్రీటు గుబ్బలు, ఒకదాని భుజం మీద ఒకటి వాలినట్టు. ముఖద్వారానికి తిరుమల శిలాతోరణం తీసుకున్నాను. చక్రతీర్థం దగ్గరి ఆ అసలు తోరణం వెడల్పు ఎనిమిది మీటర్లు, ఎత్తు మూడు మీటర్లు. కోట్ల ఏళ్ల గాలీ నీరూ మెత్తటి రాయిని తినేస్తే మిగిలిన గట్టి రాయి అది. ఎవరూ కట్టింది కాదు, మిగిలింది. ప్రకృతి పది అడుగుల ఎత్తుతో సరిపెట్టుకున్న చోట నేను ముప్పై అడుగులు గీశాను. కమ్మీలు కట్టి, కాంక్రీటు పోసి, పైన రాయిలా కనపడే రంగు కొట్టించాను.

అక్కడితో ఆగితే బాగుండేది. ఘాట్ రోడ్డులో కొండ కోసిన చోట భూగర్భ శాస్త్రవేత్తలు ఆగి చూసే గీత ఒకటుంది. దాన్ని ఎపార్కియన్ అన్‌కన్ఫర్మిటీ అంటారు. కింద చాలా పాత గ్రానైటు, పైన దానికంటే బాగా చిన్నదైన నగరి క్వార్ట్‌జైటు. మన నగరి పేరే ఆ రాయికి. రెండిటికీ మధ్య సుమారు 80 కోట్ల ఏళ్ల చరిత్ర రాతిలో లేకుండా పోయింది. ఆ గీతను మా హాలు గోడ మీదికి తెచ్చాను. నడుము ఎత్తు దాకా బూడిద రంగు గ్రానైటు పలకలు, ఆ పైన ఎర్రటి పలకలు, మధ్యలో ఒక నల్లటి సన్నగీత. కట్టాక పాలమ్మిన పెద్దమ్మ గోడ దగ్గరికొచ్చి చెయ్యి ఆనించి చూసింది. "ఏం నాయనా, ఒకే రంగు రాయి చాల్లేదా?" అంది. ఇంకో వంద రూపాయలు ఇవ్వాల్సి వస్తుందేమో అన్నట్టుంది ఆ గొంతు.

ఇంకా కట్టకముందు, థర్మాకోల్ నమూనా పట్టుకుని ఊరికి పోయిన రోజు గురించి చెప్పాలి. గుడి ముందు బల్ల మీద పెట్టి, అరగంట మాట్లాడాను. ఊరు మర్యాదగా విన్నది. చివర్లో, పాతికేళ్లుగా అర్జున వేషం కట్టే మామ లేచాడు. వరసకు మామ, పనికి రైతు. నమూనా చుట్టూ ఒకసారి తిరిగి అడిగాడు.

"అంతా బాగుండాది అల్లుడూ. తపస్సు మాను యాడ నాటేది?"

నా గుండెలో రాయి పడింది. నేను మాను మరిచిపోయాను. పద్దెనిమిది రోజుల భారతంలో ఊరు తల ఎత్తి చూసే ఒకే ఒక్క వస్తువు నా కాగితాల్లో ఎక్కడా లేదు. తెలియదని ఒప్పుకుంటే అక్కడితో పోయేది. నాకు చదువు అడ్డమొచ్చింది. "లోపల స్టేజీ మీదే పెడదాం మామా, ఎత్తు కొంచెం తగ్గించి, ఇరవై అడుగులది చేయిద్దాం" అన్నాను.

"అర్జునుడు తపస్సుకి పోతా ఉండాడా, అటక మీద ఊరగాయ జాడీ దించేదానికి పోతా ఉండాడా?"

ఊరంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ నవ్వులో ప్రశ్నను దాటేశాను. పల్లెటూరి హాస్యం బాగుంటుంది అని ఆ రాత్రి స్నేహితుడికి ఫోనులో చెప్పాను కూడా.

ఇక అసలు తప్పు. ఏడు కొండలు నిలబడాలంటే మట్టమైన నేల కావాలి. మా జాగా మట్టంగా లేదు, మిట్టగా ఉంది. జేసీబీ తెప్పించాను. రెండు రోజుల్లో మిట్ట లేదు. వేషగాళ్ల వెనక బండ పునాదికి అడ్డమొచ్చింది. పగలగొట్టించి, ఆ రాళ్లనే పునాదిలో వేయించాను. 'స్థానిక వనరుల వినియోగం' అని రిపోర్టులో రాసుకున్నాను. నిజం కొండను చదును చేసి దాని మీద దొంగ కొండలు కట్టాను. ఇంత సూటిగా చెప్పుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. చింతమాను మిగిలింది. అది నా గొప్ప కాదు, దాన్ని కొట్టడానికి మేస్త్రి ఒప్పుకోలేదు.

2015 సంక్రాంతికి ప్రారంభోత్సవం. అంతకు ముందురోజు డ్రోన్ తెప్పించి పైనుంచి ఫొటో తీయించాను. ఎంత బాగుందో! ఏడు గుబ్బలు, వాటి నీడలు, దూరంగా శేషాచలం. ఫొటో కోసం జనాన్ని పక్కకు జరగమన్నాను.

ప్రారంభోత్సవంలో హరికథ. భాగవతార్ చిడతలు మోగించి గొంతెత్తారు. మొదటి మాట గుబ్బకు తగిలి తిరిగొచ్చింది. అది కిందికి వచ్చేలోపు రెండో మాట పైకి పోయింది. రెండూ గాల్లో గుద్దుకున్నాయి. బోర్లించిన గిన్నె లాంటి కప్పు శబ్దాన్ని పోగేసి ఒక చోట కుమ్మరిస్తుందని నేను పుస్తకంలో చదివినవాణ్ణే. 1895లో హార్వర్డులో వాలెస్ సబైన్ అనే కుర్ర ప్రొఫెసరుకు ఇలాంటి హాలే ఒకటి అప్పజెప్పారు. అందులో మాట అన్నాక ఐదున్నర సెకన్లు మోగుతూనే ఉండేది. ఆయన వేరే థియేటరు నుంచి సీట్ల మెత్తలు రాత్రిళ్లు మోయించి తెచ్చి, ఎన్ని మెత్తలకు ఎంత మోత తగ్గుతుందో లెక్క కట్టి ఒక శాస్త్రమే పుట్టించాడు. ఆ సూత్రం నేను పరీక్షలో తప్పు లేకుండా రాశాను. మా ఊరివాళ్లు సబైన్ పేరు వినలేదు. ఆ ఏడు భారతం మూడో రోజుకల్లా ఖాళీ గోనెసంచులు విప్పి, తాళ్లు కట్టి, ఏడు కొండల కింద వేలాడదీశారు. మాట తేటపడింది. నా పైకప్పు మాత్రం వడ్ల గోదాములా తయారైంది.

అప్పుడు అర్థమైంది ఆ బండ ఏం పని చేసేదో. మైకులు రాకముందు దాని ముందు నిలబడి పద్యం ఎత్తుకుంటే చింతమాను కింద కూర్చున్నవాళ్లకూ వినపడేదని పెద్దవాళ్లు చెప్పుకునేవారు. బండ మాటను వెనక్కి పోనివ్వకుండా జనం వైపు తోసేది, వాలు ఆ మాటకు ఎవరి తలా అడ్డం రాకుండా చూసేది. ఇంజనీరు ఎవరూ లేకుండా మంచి థియేటరు ఒకటి అక్కడ ఉండేది. దాన్ని నేను పగలగొట్టి పునాదిలో పూడ్చాను.

మే నెలలో వేడి. పలచటి కాంక్రీటు పగలంతా కాగి, సాయంత్రం ఆ వేడిని లోపలివాళ్ల నెత్తిన దించేది. చంద్రగిరి రాజమహల్ మాకు పక్కనే. మూడంతస్తులు, ఎక్కడా కర్ర దూలం లేకుండా రాయి, ఇటుక, సున్నంతో కట్టింది. చిన్నప్పుడు మార్చి ఎండల్లో బడి ఎగ్గొట్టి అక్కడికే పోయేవాళ్లం, చల్లగా ఉంటుందని. ఆ గోడల మందం నా వీపుకు తెలుసు. నా పెన్సిలుకు తెలియలేదు.

హాలు ముందు నేను ప్లాజా అని పిలుచుకున్న టైల్సు జాగా ఉంది. పద్దెనిమిదో యుద్ధానికి ముందురోజు కుమ్మరులు వచ్చి, దాన్ని చూసి, గట్టున కూర్చున్నారు. దుర్యోధనుడు మట్టి మీద పుట్టి మట్టిలో కలవాలి. టైల్స్ మీద పడుకోబెడితే ఆయన రారాజు కాడు, షాపులో బొమ్మ. అగ్నిగుండానికీ గుంట తవ్వాలి. పెద్దలు నాకు ఫోను చెయ్యలేదు. గడ్డపారలు తెచ్చారు. సాయంత్రానికి ప్లాజా పెళ్లగించి గోడ పక్కన పేర్చారు. ఆ టైల్సు ఇప్పుడు ఊళ్లో చాలా ఇళ్లలో బట్టలు ఉతికే రాళ్ల కింద ఉన్నాయి. వాటికి తగిన పని అదే.

ఆ ఏడే నవంబరులో వానలు కుండపోతగా కురిశాయి. శేషాచలంలో రెండు కొండల మధ్య నీరు చేరితే తీర్థం అంటాం, దిగి మునుగుతాం. నా రెండు కొండల మధ్యా నీరు చేరింది. నీళ్లు పోవడానికి పెట్టిన గొట్టాల్లో చింతాకు అడ్డం పడింది. అంత సన్నటి ఆకు రాలే మాను పక్కనే ఉందని తెలిసీ నేను రెండంగుళాల గొట్టం పెట్టాను. తీర్థం హార్మోనియం మీదికి దిగింది. "ఏడు కొండలన్నాక తీర్థం లేకపోతే ఎట్ల?" అన్నాడు మామ. తిట్టి ఉంటే నేను తట్టుకునేవాణ్ణి.

ఆ తరవాత నేను చాలాకాలం ఊరికి పోలేదు. పనుందని చెప్పుకున్నాను. ఒకసారి భోపాల్ పోయినప్పుడు భారత్ భవన్‌లో ఒక పూట కూర్చున్నాను. చార్లెస్ కొరియా కట్టింది, 1982లో తెరిచారు. విద్యార్థిగా ఒకసారి చూసి, 'రోడ్డు మీద నుంచి చూస్తే ఏమీ కనపడదేంటి' అని పెదవి విరిచిన భవనం. ఈసారి మెట్లు దిగాను. చెరువు వైపు జారే ఆ వాలును ఆయన ఎక్కడా సరిదిద్దలేదు. దాన్నే పట్టుకుని, డాబాలుగా, ముంగిళ్లుగా కిందికి దిగిపోయాడు. ఏ మెట్టు మీద కూర్చున్నా ఒక నీడ, చాలా చోట్ల నీళ్ల మీది నుంచి గాలి. నేను కుర్రతనంలో లేదనుకున్న భవనం నా చుట్టూ అంతటా ఉంది. నా ప్రజెంటేషన్లో గర్వంగా చూపించిన మరో బొమ్మా గుర్తొచ్చింది. న్యూ కలెడోనియాలో రెంజో పియానో 1998లో కట్టిన జీన్-మరీ జిబావు కేంద్రం. అక్కడి కనాక్ జనం గుడిసెల్ని తలపించే పది ఎత్తైన చెక్క గూళ్లు. నేను చూసింది గుడిసె ఆకారాన్నే. ఆ చెక్కపట్టీల సందుల్లోంచి సముద్రపు గాలి ఎలా వచ్చి ఎలా పోవాలో వాళ్లు ఎంత లెక్క వేసుకున్నారో ఆ రోజు దాకా పట్టించుకోలేదు. ఆ బొమ్మ పక్కన నేను రాసుకున్నది ఒక్క మాట: ఫామ్.

కొండకు ఆకారం ఒక్కటే ఉందనుకోవడం నా మూర్ఖత్వం. కొండ పొద్దున ఒక వైపు నీడనిస్తుంది, సాయంత్రం ఇంకో వైపు. వానను పట్టి వంకకు అప్పజెబుతుంది. మాటను తిప్పి పంపుతుంది. మనుషులు వాలి కూర్చోవడానికి వీపు ఇస్తుంది. మా ఊరివాళ్లు ఈ పనులన్నీ ఎరిగి, ఆ మిట్టను వాడుకున్నారు. కొండ బొమ్మ గీయమని వాళ్లు నన్ను ఎప్పుడూ అడగలేదు. వాళ్లకు రోజూ కనపడే కొండను కాంక్రీటులో మళ్లీ చూపించాలన్న ఆలోచన నాదే. అది కూడా మా ఊళ్లో ఎవరూ చూడని వైపు నుంచి, ఆకాశంలోంచి.

2017లో ఊరి చెరువులో పూడిక తీశారు. ఆ మట్టిని ఎవరెవరో పొలాలకు తోలుకున్నారు. మిగిలింది పెద్దలు హాలు ముందుకు తోలించి, ట్రాక్టరుతో తొక్కించి, మళ్లీ మిట్ట పోశారు. చింతమాను దగ్గర ఎత్తు, గుడి వైపు పల్లం. ప్లాను లేదు, లెవెలు మిషను లేదు. "పాతది ఎట్ల ఉండెనో మాకు తెలవదా?" అన్నారంతే. గరిక నాటుకుంది. 2021 నవంబరులో తిరుపతి మునిగి, ఘాట్ రోడ్డు మీద బండలు పడి, రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని పల్లెలు ఖాళీ చేసిన ఆ రోజుల్లో నా పైకప్పు మళ్లీ కారింది. మిట్ట మాత్రం నీళ్లను పాత దారిలోనే వంకలోకి పంపిందట. ఫోనులో ఈ మాట విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

బండ మాత్రం తిరిగి రాలేదు. బండను ఎవరు పోస్తారు?

మొన్న ఎండాకాలం భారతానికి పోయాను, చాలా ఏళ్ల తరవాత. తపస్సు రోజు. మిట్ట మధ్యలో మాను నాటారు, పూర్తి ఎత్తుది. మామకు జుట్టు పూర్తిగా నెరిసింది, కిరీటం కింద కనపడదు. పద్యానికి ఒక మెట్టు చొప్పున ఎక్కాడు. నేను చింతమాను కింద, జనం మధ్యలో నిలబడి, మెడ నొప్పి పుట్టేదాకా చూశాను. మా ఊళ్లో ఆకాశం నుంచి నా భవనాన్ని చూడగలిగిన మనిషి ఈయన ఒక్కడే అని అప్పుడు తట్టింది. ఏడు కొండలు ఏడుగా కనపడేది ఆయనకే.

దిగి వచ్చాక హాలు వరండాలో కూర్చుని మజ్జిగ తాగుతున్నాడు. ముఖం మీద రంగు చెమటకు కారుతోంది. పక్కన కూర్చున్నాను. అడగకూడదనుకుంటూనే అడిగేశాను.

"మామా, పైనుంచి చూస్తే మన హాలు ఎట్లుంటుంది?"

గ్లాసు దించి నా వైపు చూశాడు. ప్రశ్న అర్థం కావడానికి కాసేపు పట్టింది.

"యాడ చూసేది అల్లుడూ? పద్యం తప్పకూడదు, కాలు జారకూడదు. కిందికి చూస్తే కొంగులు పట్టుకోని ఆడోళ్లు. నిమ్మకాయ యా కొంగులో పడతాదా అని తప్ప ఇంకేం కనపడతాది?" మళ్లీ ఒక గుక్క తాగి, పాపం అనిపించిందేమో, అడిగాడు. "ఏం, పైనుంచి బాగుంటాదా?"

"ఏమో మామా, నేనెప్పుడూ ఎక్కలేదు."

"ఎక్కబాక. కింద పనుండాది. విస్తర్లు పరిచేదానికి మనుషులు చాల్లేదంట."

లోపల, గోనెసంచుల కింద, వరసలు మొదలయ్యాయి. చెప్పులు విప్పి పోయాను.